ఏ నంబరైనా ఎత్తే అమ్మ

తెలియని నంబర్ నుంచి ఫోన్ వస్తే మా అమ్మ తప్పకుండా ఎత్తుతుంది. ఎత్తొద్దని తమ్ముడు చెబుతాడు, పక్కింటి పిన్ని చెబుతుంది, టీవీలో రోజూ చెబుతూనే ఉంటారు. అయినా వినదు. ఆ అలవాటు చేసింది నేనే.

2008లో ఒడిశాలోని బరంపురం నుంచి డల్లాస్ వెళ్లిన కొత్తలో ఇంటికి ఫోన్ చెయ్యాలంటే కాలింగ్ కార్డే దిక్కు. ఇండియన్ స్టోర్‌లో ఐదు డాలర్లు పెట్టి కొనుక్కుని, వెనక గీకి, పిన్ కొట్టి, ఆ తర్వాత ఇంటి నంబర్ నొక్కాలి. కార్డు కంపెనీ మాత్రం ఏ దారి చవకైతే ఆ దారినే కాల్ పంపేది. అందుకని అమ్మ ఫోన్‌లో నా అసలు నంబర్ ఎప్పుడూ కనబడేది కాదు. ఒక వారం ఢిల్లీ నంబర్, ఇంకో వారం నాలుగే నాలుగు అంకెలు, మరో వారం ఎవరిదో ఇండియా మొబైల్ నంబర్. ఆదివారం పొద్దున్న ముక్కూమొహం తెలియని నంబర్ మోగిందంటే అది నేనే అయ్యుండాలి. "బాబూ, ఏటి తిన్నావు?" అనేది, నేను హలో అనకముందే.

ఆ దొంగదారి కాల్స్ వల్ల ఎవరికేం నష్టమో అప్పట్లో నాకు తట్టలేదు. తర్వాత నా ఉద్యోగమే దాని చుట్టూ తిరిగింది.

నేను పని చేసేది ఇంటర్నెట్ ఫోన్ సర్వీస్ ఇచ్చే చిన్న కంపెనీలో. ఫోన్‌లో కనబడే నంబర్ నిజానికి కవరు మీద రాసే ఫ్రం అడ్రస్ లాంటిది. పంపేవాడు ఏది రాస్తే అదే కనబడుతుంది. దీన్ని అడ్డం పెట్టుకుని మోసాలు పెరిగిపోతే, 2019 డిసెంబర్ 30న అమెరికాలో ట్రేస్డ్ యాక్ట్ వచ్చింది. ఇంటర్నెట్ మీద నడిచే ప్రతి కాల్‌కీ కంపెనీ డిజిటల్ సంతకం పెట్టాలి. ఈ పద్ధతి పేరు స్టిర్/షేకెన్. పెద్ద కంపెనీలకు 2021 జూన్ 30 గడువు, చిన్నవాళ్లకు ఆ తర్వాత.

సంతకం పెట్టాలంటే సర్టిఫికెట్ కావాలి. అది ఊరికే ఇవ్వరు. టెలికాం కంపెనీగా ఆదాయం లెక్క చెప్పే 499-ఏ ఫారం ప్రభుత్వానికి దాఖలు చేసి ఉండాలి, కంపెనీకి ఓసీఎన్ అనే గుర్తింపు కోడ్ ఉండాలి, మోసపు కాల్స్‌ని ఎలా ఆపుతున్నామో అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ డేటాబేస్‌లో రాసివ్వాలి. అవన్నీ సరిపోతే టోకెన్ ఇస్తారు. ఆ టోకెన్ చూపిస్తే, అనుమతి ఉన్న సంస్థ మా పేరు మీద సర్టిఫికెట్ ఇస్తుంది. ఇక అక్కణ్ణించి ప్రతి కాల్‌తోపాటూ ఎవరు చేస్తున్నారు, ఎవరికి, ఏ క్షణంలో అన్నది మా ఒక్కరి దగ్గరే ఉండే డిజిటల్ కీతో సంతకమై వెళుతుంది. అవతలి కంపెనీ మా సర్టిఫికెట్ తెరిచి సరిచూసుకుంటుంది. సంతకంలోని టైమ్‌కీ కాల్ అందిన టైమ్‌కీ అరవై సెకన్లకు మించి తేడా ఉంటే చెల్లదు, పాత సంతకాన్ని ఎవడో దొంగిలించి మళ్లీ వాడకుండా.

అన్నిటికన్నా బరువైన పని ఇంకొకటుంది. కాల్ చేసేవాడు మాకు తెలుసా, ఆ నంబర్ అతనిదేనా అన్నదానికి ఎంత హామీ ఇస్తున్నామో చెబుతూ సంతకంలో ఏ, బీ, సీ అని ఒక అక్షరం పెట్టాలి. ఈ సంగతి నాకు మా నాన్న వల్లే సులువుగా అర్థమైంది. నాన్న బరంపురం పట్టు నేసేవాడు. కొత్త కుర్రాళ్లు అరువు మీద పట్టు తెచ్చుకోవాలంటే షావుకారు దగ్గరికి నాన్నను వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లు. "మా వీధి వాడే, మగ్గం వాడిదే, నేను చూశాను" అంటే ఒక లెక్క. అది ఏ. "వాణ్ణి ఎరుగుదును గానీ మగ్గం ఎవరిదో తెలీదు" అంటే ఇంకో లెక్క. అది బీ. "దారిలో కలిశాడు, కూడా వచ్చాడు" అంటే సీ. నాన్న మొదటి మాట చాలా తక్కువమందికి చెప్పేవాడు. షావుకారు ఆ మాట నమ్మాడంటే కారణం అదే.

ఒక కస్టమర్ వెయ్యి నంబర్లు పట్టుకొచ్చాడు, అన్నీ వేరే కంపెనీ దగ్గర కొన్నవి. ఆ నంబర్లు అతనివేనని కాగితం చూపించమన్నాను. మూడొందలకే చూపించాడు. వాటికి ఏ పెట్టి, మిగతావాటికి బీ పెట్టాను. ఆ మిగతా కాల్స్‌ని జనం ఎత్తట్లేదని అతను గొడవ. "అన్నిటికీ ఏ పెట్టేస్తే పోయేదేముంది?" అని మా సేల్స్ మేనేజర్ నా మీద. రెండు వారాలు నిద్ర లేదు, ఉద్యోగం మీద టెన్షన్, వీసా మీద అంతకన్నా ఎక్కువ. నేను మార్చలేదు. ఆ కస్టమర్ వేరే కంపెనీకి వెళ్లిపోయాడు.

2024 జనవరిలో న్యూ హాంప్‌షైర్ ప్రైమరీ ఎన్నికలకు రెండ్రోజుల ముందు, బైడెన్ గొంతును ఏఐతో తయారుచేసి ఓటెయ్యొద్దని జనానికి కాల్స్ చేశారు. కనబడిన నంబర్ అక్కడి బైడెన్ పార్టీ మనిషిది. ఆ కాల్స్‌కి పడిన సంతకం ఏ. సంతకం పెట్టిన కంపెనీ పది లక్షల డాలర్లు కట్టింది. ఆ వార్త చదివాకే మా ఆఫీసులో నా మాట వినడం మొదలైంది. 2025 సెప్టెంబర్ 18 నుంచైతే సంతకం సాంకేతికంగా ఇంకొకరిచేత పెట్టించుకున్నా, ప్రతి కంపెనీకీ సర్టిఫికెట్ సొంతదే ఉండాలి, మూడక్షరాల్లో ఏది పెట్టాలో ఆ కంపెనీయే తేల్చాలి. ఈ రూల్ ముందే రావలసింది. హామీ అరువు తెచ్చుకునేది కాదు.

నా బాధంతా ఈ సంతకం మా ఇంటిదాకా రాదనే. మన దేశంలో ఈ పద్ధతి లేదు. 2024 ఎండాకాలంలో అమ్మకు ఫోన్ వచ్చింది, మామూలు ఇండియా నంబరే. ఎవడో హిందీలో, మీ అబ్బాయి కేసులో ఇరుక్కున్నాడు, డబ్బు పంపమన్నాడు. వెనక ఎవరో ఏడుస్తున్న గొంతు వినిపించాడు. అమ్మ ఒడియాలోనే, "వాడు అన్నం తిన్నాడా?" అని అడిగిందట. ఇరవై నిమిషాలు లైన్‌లోనే ఉంది. పిన్ని వచ్చి ఫోన్ లాక్కుని కట్ చేసింది. డబ్బు పోలేదు.

"నీ గొంతు కాదని తెలుస్తూనే ఉంది బాబూ. అయినా పెట్టేస్తే మళ్లీ దొరకవేమోనని..." అంది.

ఆ ఏడాది అక్టోబర్‌లో, విదేశాల నుంచి ఇండియా నంబర్ వేషంలో వచ్చే కాల్స్‌ని సరిహద్దులోనే ఆపే ఏర్పాటు కేంద్రం పెట్టింది. మొదటి 24 గంటల్లోనే కోటీ 35 లక్షల కాల్స్ పట్టుకున్నారు. ఒకప్పుడు నా కార్డు కాల్స్ కూడా ఆ వేషంలోనే వచ్చేవి. బ్యాంకుల కాల్స్‌కి 1600తో మొదలయ్యే నంబర్లు కేటాయించారు. అమ్మ బటన్ ఫోన్ మీద ఆ నాలుగంకెలూ చూపించి, డబ్బు సంగతి ఎత్తితే మాత్రం ఇవి చూసుకో అని నేర్పాను. నేర్చుకుంది.

మొన్న సెలవుకి వెళ్లినప్పుడు అరుగు మీద కూర్చుని ఇద్దరం టీ తాగుతున్నాం. ఫోన్ మోగింది, తెలియని నంబర్. నేను చెయ్యి చాపేలోపే ఎత్తేసింది.

"బాబూ, ఏటి తిన్నావు?" అంది, నా మొహంలోకే చూస్తూ.