స్విచ్చు కరిగిన రాత్రి

భాకరాపేట ఘాట్ దిగుతుండగా ముందు వాసన వచ్చింది. పొగ ఆ తర్వాత.

తలకోన దారి కోసమని పాత జీపుకు రెండు అదనపు లైట్లు బిగించి వారం కూడా కాలేదు. ఒక్కోటి 55 వాట్లు. 12 వోల్టుల మీద రెండూ కలిపి 9 ఆంపియర్లకు పైగా లాగుతాయి. ఆ భారమంతా డాష్‌బోర్డులోని చిన్న స్విచ్చు గుండా పంపిన మేధావిని నేనే. అది బెల్లం పాకంలా వేలికి అంటుకుంది.

తిరుపతిలో ఎలక్ట్రీషియన్ దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. "రిలే డబ్బులు మిగిల్చారా సార్?" అన్నాడు. మిగిల్చాను మరి! చిన్న స్విచ్చు సైగ చేస్తే పెద్ద కరెంటును తానే మోసే డబ్బా అది.

ఈసారి బ్యాటరీ పక్కనే 15 ఆంపియర్ల ఫ్యూజు, అక్కడి నుంచి రిలే 30వ పిన్నుకు, 87 నుంచి లైట్లకు. స్విచ్చుకు ఇక 85, 86 పిన్నుల మధ్య ఉన్న అయస్కాంతపు కాయిల్‌ను లేపడమే పని. అంతా అయ్యాక ఒక లైటు మిణుగురులా వెలిగింది. అరగంట వైర్లన్నీ తడిమాం. తీరా చూస్తే, కరెంటు జీపు ఇనుములోకి తిరిగి వెళ్లే ఎర్త్ బోల్టు కింద పెయింటు అడ్డు! ఉప్పుకాగితంతో ఇనుము మెరిసేదాకా గీకాక ఎదుటి గోడ తెల్లబడింది.

ఊళ్లో మాత్రం వాటికి తొడుగులు వేసే తిప్పుతున్నాను. కరిగిన స్విచ్చును తాళాల గుత్తికి కట్టుకోమని మా ఆవిడ సలహా.