మా ఆవిడ మడమ కనిపెట్టిన సొట్ట

"ఏవండీ, ఇక్కడ మ్యాటు కింద ఏదో ఉంది. మడమకి ఎత్తుగా తగులుతోంది" అని మా ఆవిడ మొదటిసారి మే నెలలో అంది. కారులో తెనాలి పెళ్లికి వెళ్తున్నాం. మ్యాటు మడతపడి ఉంటుందిలే అన్నాను. జూన్‌లో మళ్లీ అంది, మళ్లీ అదే జవాబు చెప్పాను. జూలైలో రెండు రోజులు వదలకుండా వాన పడ్డాక తలుపు తీస్తే తడిసిన గోనెసంచి కంపు గుప్పున కొట్టింది. మ్యాటు తీసి కార్పెట్‌ని గట్టిగా నొక్కాను. వేళ్ల సందుల్లోంచి నీళ్లు ఊరాయి.

నాది మెడికల్ రెప్ ఉద్యోగం. ఇల్లు విజయవాడ పటమటలో, తిరుగుడంతా గుంటూరు కొత్తపేట ఆసుపత్రుల చుట్టూ. సెకండ్ హ్యాండ్‌లో కొన్న 2014 వ్యాగనార్. ఆయిల్ మార్పించడం, టైర్లలో గాలి చూసుకోవడం, ఎండాకాలం ముందు ఏసీ గ్యాస్ పట్టించడం, ఇవే కారు బాగోగులనుకునేవాణ్ణి. వంగి దాని అడుగు చూసిన పాపాన ఎప్పుడూ పోలేదు.

ముందు ఏసీ మీద అనుమానం వచ్చింది. ఏసీ నీళ్లు బయటికి పోయే పైపు మూసుకుపోతే ఆ నీళ్లు ఎడమవైపు కాళ్ల దగ్గరే దిగుతాయి. మెకానిక్ దాన్ని ఊది శుభ్రం చేశాడు. తర్వాతి వానకి మళ్లీ అదే చెరువు. "ఇది నా పని కాదు సార్, రేకు పని చేసే టింకరింగ్ వాళ్లకి చూపించండి" అని ఆటోనగర్ పంపించాడు.

ఆటోనగర్‌లో పని తెలిసినవాణ్ణి వెతుక్కోవడం కష్టం కాదు, దారిలో ఆగకుండా వెళ్లడమే కష్టం. స్ప్రింగులవాళ్లు, రేడియేటర్లవాళ్లు, సీటు కవర్లవాళ్లు, లారీ బాడీలు కట్టేవాళ్లు, అందరూ మన కారు వంకే చూస్తుంటారు. మెకానిక్ చెప్పిన మేస్త్రీకి అరవై దాటి ఉంటాయి. కారు కిందకి దూరి, టార్చి వేసి ఒక్క నిమిషంలో బయటికొచ్చాడు.

"మీ కారుని ఎవరో పొట్టలో పొడిచారండి."

నన్నూ దూరి చూడమన్నాడు. అట్టముక్క పరుచుకుని ఫార్మల్ చొక్కాతోనే దూరాను. అడుగు రేకు మీద గాజు ముద్ర వేసినట్టు గుండ్రటి గుర్తు, దాని చుట్టూ పళ్ల గాట్లు. నల్లటి పూత అక్కడ పెచ్చులూడి ఎర్రగా తుప్పు కనబడుతోంది. అది ట్రాలీ జాకీ గిన్నె ముద్ర. చక్రాల మీద తోసుకొచ్చే జాకీ అది, బండి బరువు ఆనేది దాని పైనున్న గిన్నె మీదే.

అప్పుడు గుర్తొచ్చింది. ఏప్రిల్‌లో మంగళగిరి దాటాక ఎడమవైపు ముందు టైరు పంక్చర్ అయింది. రోడ్డు పక్క షాపులో కుర్రాడు ట్రాలీ జాకీ తోసుకొచ్చాడు. నేను ఫోన్‌లో మా మేనేజర్‌కి ఆ నెల టార్గెట్ గురించి సంజాయిషీ ఇచ్చుకుంటున్నాను. డబ్బా మూత నొక్కినట్టు 'టప్'మని వినిపించింది. కుర్రాడు జాకీ దించి, కాస్త పక్కకి జరిపి మళ్లీ ఎత్తాడు. అదంతా చూస్తూనే ఉన్నాను. ఏమైందిరా అని ఒక్క మాట అడగలేదు. వాణ్ణి తిట్టుకుందామన్నా ఈ సంగతి అడ్డొస్తోంది.

జాకీ పెట్టాల్సిన చోటు మేస్త్రీ వేలితో తడిమి చూపించాడు. తలుపుల కింద రన్నింగ్ బోర్డు అంచున రెండు రేకులు కలిపి అతికిన నిలువు అంచు ఒకటి ఉంటుంది. ముందు చక్రానికి వెనకాల, వెనక చక్రానికి ముందర, ఆ అంచుకి రెండేసి గాట్లు. ఆ గాట్ల మధ్యే జాకీ. కారుతో వచ్చే జాకీ తలకి చీలిక ఉండేది అందుకే, అంచు దాంట్లో కూర్చుంటుంది. ట్రాలీ జాకీకి చీలిక ఉండదు. గాడి కోసిన చెక్క దిమ్మో రబ్బరు దిమ్మో పెట్టకపోతే అంచు వంగిపోతుంది. అది వంగుతోందనే చాలామంది జాకీని లోపలికి జరుపుతారు. లోపల ఉన్నది మిల్లీమీటరు మందం కూడా లేని రేకు. బండి బరువు తొమ్మిది వందల కిలోల లోపే అయినా, ఒక మూల ఎత్తితే రెండు మూడు వందల కిలోలు ఆ గిన్నె మీదే పడతాయి.

బ్రేకు పైపు, పెట్రోలు పైపు రెండూ సొట్టకి బెత్తెడు దూరంలో ఉన్నాయి. ముందు వాటిని చివరిదాకా తడిమి, నొక్కుకుపోలేదని తేల్చుకున్నాకే పని మొదలెట్టాడు. బ్యాటరీ వైరు తీశాడు, సీటు బోల్టులు విప్పాడు, కార్పెట్ లేపాడు. లోపల రేకు బోర్లించిన గుంటగరిటెలా ఉబ్బి ఉంది. మా ఆవిడ మడమ సరిగ్గా అక్కడే ఆనుతుంది. దాని పక్కన సీటు కింది అడ్డపట్టీ అతుకు దగ్గర సీలు దారప్పోగంత సన్నగా పగిలింది. నీళ్లు వస్తున్నది అక్కణ్ణుంచే.

నేనైతే ఉబ్బు నడినెత్తిన ఒక్క దెబ్బ వేసేవాణ్ణి. ఆయన చెక్క సుత్తితో అంచుల నుంచి మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ లోపలికొచ్చాడు. కింద కుర్రాడు ఇనప దిమ్మ ఆనించి పట్టుకున్నాడు. ఉబ్బు 'టక్'మని కిందకి దిగింది. హమ్మయ్య అనుకునేలోపు 'టక్'మని పైకి లేచింది.

"రేకు సాగిందండి. ఎక్కువైన రేకు ఎక్కడికి పోద్ది?"

కింద పాత పూత గీకించి, తడి గోనె దగ్గర పెట్టుకుని, గ్యాస్ మంటతో రూపాయి బిళ్లంత చోటు ఎర్రగా కాల్చాడు. దాని చుట్టూ తేలిగ్గా కొట్టి తడిగుడ్డ వేశాడు. చుయ్ మంది. అలా నాలుగు చోట్ల చేశాక రేకు బిగిసింది, చేత్తో నొక్కినా మాట్లాడలేదు.

ఆ పగులుకి లోపల్నుంచి ఎంసీల్ పూసేస్తే సరిపోదా అని నా తెలివి చూపించాను. "లోపలికి నీళ్లు రావు. ఎంసీల్‌కీ రేకుకీ మధ్య కూర్చుని తింటాయి. సంవత్సరం పోయాక కాలు పెడితే రోడ్డు తగులుద్ది" అన్నాడు. తుప్పంతా తెల్లగా వచ్చేదాకా వైరు బ్రష్షుతో రుద్దించి, జింక్ ప్రైమర్ కొట్టి, అతుక్కి సీలర్ పట్టించాడు. అది ఆరాక మర్నాడు కింద నల్ల కోటింగ్.

మేస్త్రీకి 3,500, సామానుకి 900. ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఆలోచన రాకపోలేదు. అయిదేళ్లుగా క్లెయిమ్ లేక నాకు 50 శాతం నో క్లెయిమ్ బోనస్ (ప్రీమియంలో తగ్గింపు) వస్తోంది, ఈ సొట్ట కోసం అడిగితే అది సున్నా అవుతుంది. నోరు మూసుకున్నాను.

అసలు అవస్థ కార్పెట్‌తో పడ్డాను. దాని అడుగునున్న దళసరి ఫెల్ట్ నీళ్లు తాగి బండరాయిలా బరువెక్కింది. మేడ మీద దండేనికి వేస్తే దండెం తెగింది. పిట్టగోడ మీద మూడు రోజులు ఆరేశాను. ఎదురింటి పెద్దాయన "ఏంటి బాబూ, ఎలుగుబంటిని కొట్టావా?" అని అడిగాడు.

గాట్లు ఉన్న నాలుగు చోట్లా మేస్త్రీ తెల్ల పెయింట్‌తో చుక్కలు పెట్టించాడు. పోయిన వారం గుంటూరులో ఇంకో పంక్చర్ పడితే ఫోన్ జేబులో పెట్టి, వంగి చుక్క చూపించాను. "తెలుసు సార్" అన్నాడు షాపువాడు కాస్త చిరాగ్గా, చెక్క దిమ్మ తీస్తూ.

మొన్న ఆదివారం మంగళగిరి గుడికి వెళ్తుంటే మా ఆవిడ చెప్పు విప్పి, మడమతో మ్యాటు మీద నెమ్మదిగా వెతికింది.

"ఇంకా కొంచెం ఉందండీ."

"సాగిన రేకు, అంతకంటే దిగదన్నాడు."

"మ్యాటు మడత కాదుగా?" అంది.