వయోమింగ్ తొలి శాసనకర్తల ఊళ్లలో

అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో లాండర్ పట్టణం దాటి 28వ నంబరు రహదారి మీద దక్షిణానికి వెళితే, విండ్ రివర్ పర్వతాల అంచున, సుమారు 7,800 అడుగుల ఎత్తులో సౌత్ పాస్ సిటీ వస్తుంది. 1867లో కరిస్సా గని దగ్గర బంగారం బయటపడ్డాక వెలసిన ఈ ఊరు, బంగారం తరిగిపోవడంతో ఖాళీ అయింది. ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వ సంరక్షణలో ఉంది. పాత కొయ్య కట్టడాల మధ్య తిరిగినంతసేపూ నేను విలియం బ్రైట్ గురించే ఆలోచించాను.

ఇక్కడ సారాయి దుకాణం నడిపిన బ్రైట్, 1869లో చెయెన్‌లో సమావేశమైన వయోమింగ్ టెరిటరీ (అప్పటికింకా రాష్ట్ర హోదా రాని ప్రాంతం) తొలి శాసనమండలికి అధ్యక్షుడయ్యాడు. స్త్రీలకు ఓటు హక్కూ, పదవులు చేపట్టే హక్కూ ఇవ్వాలనే బిల్లును ప్రవేశపెట్టింది అతనే. భార్య జూలియా ఈ హక్కును బలంగా కోరుకునేది. అయితే నల్లజాతి పురుషులకు ఓటు ఉన్నప్పుడు తన తల్లికీ భార్యకూ ఎందుకు ఉండకూడదన్న వాదన కూడా అతనిదే. ఆ వాదనలోని జాతి వివక్షను దాచి అతన్ని కీర్తించడం నాకు సమ్మతం కాదు. సభ్యులందరూ డెమొక్రాట్లే, గవర్నరు జాన్ క్యాంప్‌బెల్ రిపబ్లికన్. ఆయనను ఇరకాటంలో పెట్టాలని కొందరు, పురుషులే ఎక్కువగా ఉన్న ఆ ప్రాంతానికి స్త్రీలు వలస రావాలని మరికొందరు మద్దతిచ్చారు. ఆయన మాత్రం డిసెంబరు 10న సంతకం చేశాడు. ఆ సమావేశాల్లోనే వివాహిత స్త్రీల ఆస్తి హక్కుకూ, ఉపాధ్యాయినుల సమాన వేతనానికీ చట్టాలు వచ్చాయి.

1870 ఫిబ్రవరిలో సౌత్ పాస్ సిటీలోనే ఎస్తర్ మోరిస్ న్యాయాధికారిగా నియమితురాలైంది. అమెరికాలో న్యాయాధికార పదవి చేపట్టిన తొలి మహిళ ఆమే. గని కార్మికుల ఊళ్లో, ఎనిమిది నెలలకు పైగా ఆమె తీర్పులు చెప్పింది. అయితే లాండర్ పక్కనే మూలవాసులకు కేటాయించిన విండ్ రివర్ రిజర్వేషన్‌లో ఉన్న షోషోని తెగ స్త్రీలకు ఆ చట్టం ఓటు ఇవ్వలేదు. అమెరికాలోని మూలవాసులందరికీ పౌరసత్వం దక్కింది 1924లోనే.

తరువాత లారమీకి వెళ్లాము. అక్కడ, ఆ చట్టం కింద మొట్టమొదట ఓటు వేసిన మహిళ లూయీసా స్వేన్ కంచు విగ్రహం ఉంది. 1870 సెప్టెంబరు 6న ఆ పట్టణంలో ఓటు వేసినప్పుడు ఆమె వయసు 69 ఏళ్లు.

చెయెన్‌లోని బంగారు గుమ్మటపు శాసనసభా భవనం 1880లలో కట్టినది కాబట్టి, తొలి సభ్యులు అందులో కూర్చోలేదు. అక్కడ నిలబడి నేను ఎక్కువగా తలచుకున్నది 1871 నాటి సంగతి. స్త్రీల ఓటు హక్కును రద్దు చేస్తూ రెండో శాసనసభ బిల్లు ఆమోదిస్తే క్యాంప్‌బెల్ దాన్ని తిరస్కరించాడు. ఆయన తిరస్కారాన్ని తోసిపుచ్చడానికి శాసనమండలిలో ఒక్క ఓటు తక్కువైంది. హక్కును ఇచ్చిన రోజును అందరూ పండుగలా గుర్తుంచుకుంటారు గాని, దాన్ని నిలబెట్టిన ఆ తిరస్కారానికీ అంత గౌరవం దక్కాలని నా అభిప్రాయం. అది వీగిపోయి ఉంటే, 1889లో రాష్ట్ర రాజ్యాంగం రాసినవారికి కాపాడుకోవడానికి ఏమీ మిగిలేది కాదు. వారు స్త్రీల ఓటును అందులో చేర్చారు. వాషింగ్టన్‌లో దానికి అభ్యంతరాలు వచ్చినా, 1890 జూలై 10న వయోమింగ్ ఆ హక్కుతోనే 44వ రాష్ట్రమైంది.