సముద్రానికి టిక్కెట్టు

మా అమ్మ ఇసుకలో కాలు పెట్టబోతుండగా గొడుగు కింద కూర్చున్న కుర్రవాడు లేచి, మర్యాదగానే, బీచిలోకి రావడానికి డబ్బిచ్చి కొనుక్కునే బ్యాడ్జీ చూపించమన్నాడు. "సముద్రానికి టిక్కెట్టేటిరా బాబూ?" అని ఆవిడ నా వైపు తిరిగితే నాకు జవాబు తోచలేదు. మనిషికి 12 డాలర్ల చొప్పున చెల్లించాక, ఆ కుర్రవాడు ఆవిడ గాజుల పక్కన నారింజరంగు కాగితపు పట్టీ చుట్టి అతికించాడు. భీమిలిలో పుట్టి పెరిగిన మనిషి ఆ పట్టీని చాలాసేపు వేలితో తడుముతూనే ఉంది.

ఆ శుక్రవారం ఉదయం వుడ్‌బ్రిడ్జ్‌లో రైలెక్కి, రారిటన్ నది దాటి, అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని మాన్‌మత్ కౌంటీకి (మన జిల్లా లాంటిది) వచ్చాం. రెడ్ బ్యాంక్ దాటేవరకూ కిటికీలోంచి కనిపించినవి కత్తిరించిన పచ్చికలూ, న్యూయార్కు ఉద్యోగాలకు వెళ్లినవారు స్టేషన్ల దగ్గర వదిలిన కార్లూ మాత్రమే. కరెంటు తీగలు లాంగ్ బ్రాంచ్‌తో ఆగిపోతాయి కాబట్టి అక్కడ డీజిలు బండిలోకి మారాం. తరువాతి స్టేషను ఎల్బెరాన్. తుపాకీ గుండు తగిలిన అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్‌ను 1881లో సముద్రపు గాలికోసం అక్కడికి తెచ్చినప్పుడు, ఆయన బస చేసే ఇంటి దాకా రాత్రికి రాత్రే పట్టాలు వేశారనీ, సెప్టెంబరు 19న ఆయన అక్కడే కన్నుమూశారనీ చెబితే, "సముద్రం గాలి మందే కదా, ఏం లాభం" అని అమ్మ నిట్టూర్చింది.

ఈ తీరాన్ని చూస్తే టిక్కెట్టు సంగతి కొంత అర్థమవుతుంది. లాంగ్ బ్రాంచ్‌కు ఉత్తరాన నదికీ సముద్రానికీ నడుమ సన్నని ఇసుకపట్టీ ఉంటే, దక్షిణాన అలలు నేరుగా ప్రధాన భూభాగాన్నే తాకుతాయి; అక్కడక్కడ ఇసుక అడ్డుపడి వాగుల నోళ్లు మూసుకుపోవడంతో చెరువులేర్పడ్డాయి. అస్బరీ పార్క్‌కూ ఓషన్ గ్రోవ్‌కూ మధ్య వెస్లీ చెరువు, బ్రాడ్లీ బీచ్‌కూ ఏవన్‌కూ మధ్య సిల్వన్ చెరువు సరిహద్దులు. ఒకే కౌంటీలో 53 స్థానిక పాలక సంస్థలు! ఏ ఊరి బీచి రుసుము ఆ ఊరిదే. ఒక ఊళ్లో కొన్న బ్యాడ్జీ, చెరువు దాటి పక్క ఊరికి వెళితే చెల్లదు. బయటివారి దగ్గర ఊరివారికంటే ఎక్కువ వసూలు చేయకూడదని రాష్ట్ర సుప్రీంకోర్టు 1972లో ఏవన్ కేసులో తీర్పిచ్చింది గాని, రుసుమునే తీసేయలేదు. ఈతగాళ్లను కాపాడే సిబ్బందికీ, ఇసుక శుభ్రతకూ డబ్బు కావాలన్నది ఒప్పుకోదగిన మాటే. అయినా భీమిలిలో గోస్తని నది సముద్రంలో కలిసేచోట వలల మధ్య తిరిగిన నన్ను ఏ ఊరివాడివని ఎవరూ అడగలేదన్న తలపు నన్ను వదలలేదు.

అమ్మ మాత్రం చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని, చల్లటి నీళ్లు మూడుసార్లు తలపై చల్లుకుంది. ఇక్కడి తీరమూ తూర్పుముఖమే కనుక, సాయంత్రం మా నీడలు భీమిలిలో లాగానే నీళ్లవైపు సాగాయి. ఆరు దాటాక కుర్రవాడు గొడుగు మడిచి వెళ్లిపోయాడు. కాసేపటికి గాలపు కర్రలతో ఒక కుటుంబం ఆ దారినే నడిచి వచ్చింది. ఎవరి చేతికీ పట్టీ లేదు. అమ్మ వారిని చూసి, పక్కనున్న తువ్వాలు జరిపి చోటిచ్చింది.