చీపురుపుల్ల దూరంలో తొండ: మా మిద్దె మీద ఏడు నెలలు

తిరుపతిలో కపిలతీర్థానికి దగ్గరగా, శేషాచలం కొండ ఎదురుగా కనిపించే వీధిలో మా ఇల్లు ఉంది. మార్చి మొదట్లో మిద్దె మీద ప్లాస్టిక్ బేసిన్‌తో నీళ్ళు పెట్టాను గాని, పన్నెండు గంటలకల్లా అవి వేడెక్కిపోయేవి. కాకులు తప్ప మరేవీ వాలలేదు. రెండు వేళ్ళ లోతున్న మట్టి మూకుడు తెచ్చి, మధ్యలో ఒక రాయి ఉంచి, మునగకొమ్మ నీడ పడే చోటికి మార్చిన నాలుగో రోజున గోరువంకల జంట వచ్చింది. పాచి పట్టకుండా, దోమపిల్లలు చేరకుండా ప్రతి ఉదయం మూకుణ్ణి కొబ్బరిపీచుతో రుద్ది నీళ్ళు మారుస్తున్నాను. సబ్బు వాడటం లేదు.

మేత విషయంలో మొదట పొరపాటు చేశాను. రాత్రి మిగిలిన ఉప్పు కలిపిన పెరుగన్నం పెడితే, అది ఎండకు పులిసి చీమల పాలయింది. దాన్ని మానేసి నూకలు, కొర్రలు, సజ్జలు కలిపి చల్లడం మొదలుపెడితే, వారం తిరక్కముందే ఇరవై పావురాలు దిగాయి. “మీ పావురాలు మా వడియాలు తినేస్తా ఉండాయి సార్” అని పక్కింటావిడ అన్నప్పుడు నా దగ్గర జవాబు లేదు. నేల మీద గింజలు చల్లడం ఆపి, చంద్రగిరి వైపు నుంచి తెచ్చుకున్న వరికంకులను కుచ్చుగా కట్టి చూరుకు వేలాడదీశాను. పిచ్చుకలు కంకిని పట్టుకుని తలకిందులుగానైనా తినగలవు, పావురానికి అక్కడ నిలవడానికి చోటు దొరకదు. పికిలి పిట్టలు గింజ ముట్టలేదు. వాటి కోసం బాగా పండిన బొప్పాయి ముక్కను మేకుకు గుచ్చుతున్నాను.

తొండతో పరిచయానికి ఎక్కువ కాలం పట్టింది. ఏప్రిల్‌లో ప్రహరీ గోడ మీద కనిపించిన దాని ముందు చచ్చిన మిడతను పెడితే కన్నెత్తి కూడా చూడలేదు, ఎందుకంటే తొండకు కదిలేదే ఆహారం. మందు చల్లని మా కొత్తిమీర మడిలో పట్టిన మిడతను చీపురుపుల్ల కొసన బతికుండగానే నిలిపి, రోజూ ఏడున్నరకు పది అడుగుల దూరంలో కదలకుండా కూర్చుని, రెండు మూడు రోజులకొకసారి ఒక్క అడుగు ముందుకు జరిగాను. ఇరవై మూడో రోజున అది తల పక్కకు వంచి ఒక కన్ను మిడత మీద నిలిపి, గొంతు రెండుసార్లు ఉబ్బించి, నాలుక చాచి లాక్కుంది. పుల్ల కొస వణికింది నా చేతి వల్లనో, దాని వల్లనో చెప్పలేను. అంతకంటే దగ్గరకు రానివ్వలేదు. మా వీధిలో పిల్లలు తొండ కనిపిస్తే రాయి అందుకుంటారు కాబట్టి, మనిషి చేతిని నమ్మడం దానికి నేర్పకూడదని నా నిర్ణయం. “కొండ మీది బంగారు బల్లి కూడా ఇట్లా వస్తుందా?” అని మిత్రులు అడుగుతారు, అది రాళ్ళ పగుళ్ళలో ఉండి రాత్రి తిరిగే జీవి, దాని జోలికి పోవద్దని చెబుతాను.

జూలైలో ఒక మగ తొండ తల, భుజాలు ఎర్రగా మారి, గోడ మీద ముందుకాళ్ళ మీద లేస్తూ దిగుతూ కనిపించింది. నెలాఖరున ఆడది కరివేపాకు కుండీలో గొయ్యి తవ్వి గుడ్లు పెట్టి, మట్టి కప్పి మూతితో అదిమి పోయింది. గుడ్లను కదిలించకుండా, కుండీలో నీరు పోయడం మానేసి పైన చేత్తో తడి చల్లుతూ వచ్చాను. సెప్టెంబరు మూడో వారంలో అగ్గిపుల్లంత సన్నని పిల్లలు ఆరింటిని లెక్కపెట్టాను.

అక్టోబరు వానలకు ఉసిళ్ళు దీపం దగ్గరకు అవే వస్తున్నాయి గనుక మిడతల పని ఆపేశాను. నిన్న ఒక తొండపిల్ల మూకుడు అంచున తడబడడం చూసి, లోపలికి జారినా ఎక్కి రావడానికి వీలుగా ఒక గరుకు పుల్లను ఏటవాలుగా ఉంచాను; వరికుచ్చు సగం ఖాళీ అయింది, ఆదివారం కొత్తది కట్టాలి.