మ్యూజియం సీసాల మీది చీటీలు

మా కళాశాల జంతుశాస్త్ర విభాగపు మ్యూజియంలో జీవులను ఫార్మలిన్‌లో భద్రపరిచిన సీసాలు ఏళ్ల తరబడి ప్రాక్టికల్ పరీక్షల రోజున మాత్రమే బల్ల మీదికి వచ్చేవి. లోపలి జీవి పేరు విద్యార్థి చెప్పగానే మళ్లీ అల్మరాలోకి వెళ్లిపోయేవి. ఈ ఏడాది బీఎస్సీ పిల్లలతో వాటి మీది చీటీలను చదివించాను. జీవవైవిధ్యాన్నీ డేటా పనినీ కలిపి నేర్పడానికి ఇంతకన్నా మంచి పాఠం నాకు ఇంతవరకు దొరకలేదు.

మొదట కానాగంత చేప సీసా తీశాం. దీని శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిగర్ కనగుర్త. ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త పాట్రిక్ రసెల్, విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల వర్ణనలను చిత్రాలతో సహా 1803లో ప్రచురించినప్పుడు, వాటిని ఇక్కడి స్థానిక పేర్లతోనే నమోదు చేశాడు. ఆయన రాసుకున్న ‘కనగుర్త’నే 1816లో ఫ్రాన్సుకు చెందిన జంతుశాస్త్రవేత్త కువియే శాస్త్రీయ నామంలోకి తీసుకున్నాడు. ఫిషింగ్ హార్బరులో బుట్టలకొద్దీ అమ్ముడయ్యే చేప పేరు ప్రపంచమంతా మన మాటతోనే చెలామణి అవుతోందని విన్నాక, పిల్లలు మిగతా సీసాలను తామే దించారు.

చీటీల వివరాలను జీవుల నమోదులను అందరూ ఒకే తీరులో రాసేందుకు ఉన్న డార్విన్ కోర్ ప్రమాణం ప్రకారం స్ప్రెడ్‌షీటులోకి ఎక్కించడం మొదలుపెట్టాక అసలు కష్టం తెలిసింది. ఒక చీటీ మీద వైజాగపటం, ఇంకొక దాని మీద వాల్తేరు, మరొక దాని మీద విశాఖపట్నం ఉంటే కంప్యూటరుకు అవి మూడు వేర్వేరు ఊళ్లు. ‘3/4/62’ ఏప్రిల్ మూడా, మార్చి నాలుగా? ఉన్నది ఉన్నట్టు ఒక గడిలో, మన అన్వయం వేరే గడిలో రాయాలని పట్టుబట్టాను. ఒక విద్యార్థి అక్షాంశ రేఖాంశాలను తారుమారు చేయగా, విశాఖ చేప స్వాల్‌బార్డ్‌కు ఉత్తరాన ఆర్కిటిక్ మంచులో తేలింది. ఆ పటం చూశాక ఆ పొరపాటు మళ్లీ ఎవరూ చేయలేదు.

పటంలో చేపలు దొరికిన చోట్లను చూపే చుక్కలన్నీ తీరం వెంబడే గుమిగూడటంతో, లోతు నీళ్లలో ఆ చేపలు లేవని పిల్లలు రాశారు. అక్కడ వల వేసినవారు ఎవరైనా ఉన్నారా అని అడిగాను. చాలాసేపు చర్చించుకొని, ‘నమోదు లేదు’ అని దిద్దుకున్నారు. ఆ దిద్దుబాటును నేను ఏ పరీక్ష మార్కులకన్నా ఎక్కువగా విలువ కడతాను. ఎప్పుడో వెల్ల వేయించినప్పుడు చీటీలు ఊడిపోయిన సీసాల్లోని చేపలను ఈనాటికీ గుర్తుపట్టగలం గానీ, అవి ఎక్కడివో, ఏనాటివో తెలియక పటంలో చేర్చలేకపోయాం. అది నన్ను నిజంగా బాధపెట్టింది.

స్థానిక నామాల గడిని జాలరిపేట నుంచి వచ్చే ఒక అమ్మాయి వాళ్ల అమ్మమ్మను అడిగి నింపుతోంది. ఆ పేర్లను రసెల్ రాసుకున్నవాటితో పోల్చే పని వచ్చే నెలకు పెట్టుకున్నాం.