వెండోమ్ వీధిలో 133 మెట్లు

"మెట్లు చూడాలి" అని నేనంటే మా అల్లుడు "ఏ గుడి మెట్లు మామయ్యగారూ?" అని అడిగాడు. పాపం, అతని తప్పేమీ లేదు. మాలిబు గుడి చూపించాడు, హాలీవుడ్ అక్షరాలు చూపించాడు, సముద్రం చూపించాడు. లాస్ ఏంజిలిస్ వచ్చిన అత్తమామలకు చూపించేవాటిలో సిల్వర్ లేక్ పేటలోని ఒక సందు ఎక్కడా ఉండదు. గుడి కాదు బాబూ, పాత ఇంగ్లీషు సినిమాల హాస్యజంట లారెల్, హార్డీ పియానో మోసిన మెట్లు అన్నాను. అతను ఫోనులో వెతికి, "నిజంగానే ఉన్నాయండీ!" అని ఆశ్చర్యపోయాడు.

వాళ్లు ఆ పియానో మోసే సినిమా "ది మ్యూజిక్ బాక్స్" నేను మొదట చూసింది పొరుగింటివాళ్ల వి.సి.ఆర్.లో, అద్దెకు తెచ్చిన క్యాసెట్టులో. టేపు అరిగిపోయి బొమ్మ మీద వాన కురుస్తోంది. ఇంగ్లీషు మాటలు ఒక్కటీ అంతుపట్టలేదు. అయినా మా నాన్నగారు నవ్వి నవ్వి కండువాతో కళ్లు తుడుచుకున్నారు. అంతకు వారం ముందే ఇనప బీరువాను మేడ మీదికి ఎక్కించబోయి, మలుపు దగ్గర అది అటూ పోక ఇటూ రాక, మధ్యాహ్నమంతా దాని కింద భుజం పెట్టి నిలబడ్డ మనిషి ఆయన. ఆ సినిమా అర్థం కావడానికి ఇంగ్లీషు కంటే బీరువా ఎక్కువ పనికొస్తుంది.

పొద్దున్న ముందు కల్వర్ సిటీ వెళ్లాం. ఆ సినిమా తీసిన హాల్ రోచ్ స్టూడియో అక్కడే ఉండేది. 1963లో పడగొట్టేశారు. ఇప్పుడు చూడటానికి ఒక ఫలకం తప్ప ఏమీ లేదు. పది నిమిషాల్లో కారెక్కేశాం.

సన్‌సెట్ బులెవార్డ్ దిగి వెండోమ్ వీధిలోకి తిరిగాక కారు ఆపుకోవడానికి చోటు దొరకలేదు. "మీరు ఎక్కుతూ ఉండండి, నేను చుట్టూ తిరిగి పైకి వస్తాను" అన్నాడు అల్లుడు. మోకాళ్ల నొప్పులున్న మా ఆవిడ ఆ మాట పూర్తికాకముందే తలుపు వేసుకుని కారులోనే ఉండిపోయింది. నేనొక్కణ్ణే దిగాను.

రెండు ఇళ్ల వరసల మధ్య ఇరుకుగా, నిటారుగా లేచిన సిమెంటు మెట్లు. పక్కన వీధి పేరులాగానే మ్యూజిక్ బాక్స్ స్టెప్స్ అని బోర్డు. కింది మెట్టులో ఆ సినిమా గురించి ఒక ఫలకం పొదిగి ఉంది. భుజం మీది సంచి పక్కన పెట్టి, వంగి చదివాను. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కినవాడికి 133 ఒక లెక్కా అనుకుని బయల్దేరాను. నలభయ్యో మెట్టు దగ్గర ఆ గర్వం దిగిపోయింది. అలిపిరి దారిలో వెంట గోవిందనామం ఉంటుంది. ఇక్కడ నాకు తోడు నా ఆయాసమే.

ఎక్కితేగానీ తెలియని సంగతి ఒకటుంది. మెట్లు ఏకధాటిగా ఉండవు. కొన్ని మెట్లకొకసారి చదునైన అరుగు వస్తుంది. సినిమాలో నవ్వంతా ఆ అరుగుల మీదే పుట్టింది. పియానో ఉన్న పెట్టెను అక్కడిదాకా లాగి, హమ్మయ్య అని చెమట తుడుచుకునేసరికి ఎవరో ఒకరు ఎదురవుతారు. ఒకసారి పిల్లల బండితో ఆయా, ఇంకోసారి దారి వదలమని గర్జించే ప్రొఫెసరు. ఒకసారైతే జారిన పెట్టె హార్డీని కూడా వెంట ఈడ్చుకుంటూ కింది వీధిదాకా పోతుంది. అరుగు లేకపోతే ఊపిరి తీసుకునే చోటు ఉండదు. ఊపిరి తీసుకున్నాక పడితేనే కదా నవ్వొచ్చేది.

ఇప్పుడైతే రెండు పక్కలా ఇళ్లు, చెట్లు కమ్మేశాయి. సినిమాలో మెట్ల పక్కన ఖాళీ నేల కనిపిస్తుంది. పైన చూపించే, పియానో చేర్చాల్సిన ఆ ప్రొఫెసరు ఇల్లు మాత్రం ఇక్కడ ఎన్నడూ లేదు. అది స్టూడియోలో వేసిన సెట్టు. అంటే పొద్దున్న మేం పది నిమిషాల్లో వదిలేసి వచ్చిన చోటన్నమాట! మెట్ల మీద షూటింగ్ 1931 డిసెంబరులో జరిగింది. దర్శకుడు జేమ్స్ ప్యారట్. ఆ ఇద్దరూ ఈ మెట్లు ఎక్కడం అదే మొదటిసారి కాదు. 1927లో "హ్యాట్స్ ఆఫ్" అనే మూగ సినిమాలో ఇవే మెట్ల మీదికి బట్టలుతికే యంత్రం మోశారు. దాని కాపీ ఒక్కటి కూడా ఇంతవరకు దొరకలేదు. ఆ పోయినదాని కోసం ఎక్కువ బెంగగా ఉంటుంది నాకు.

ఇంట్లోకి చేరాక జరిగే విధ్వంసం మీద నాకంత మోజు లేదు. ఒక్కటి మాత్రం మినహాయింపు. దానంతటదే మోగే ఆ పియానో పాట అందుకోగానే ఇద్దరూ చిందరవందర ఊడుస్తూ అలవోకగా అడుగులేస్తారు. నిజానికి ఆ పియానోను కెమెరాకు కనబడకుండా పక్కన కూర్చుని వాయించింది స్టూడియో సంగీతకారుడు మార్విన్ హాట్లీ. హార్డీ అంత లావు మనిషి, ఆ పాదాలు నేలను తాకుతున్నాయా అనిపిస్తుంది. మన రేలంగి గుర్తొస్తాడు. పక్కన రమణారెడ్డి ఉండనే ఉంటాడు కదా మనసులో. హాస్య లఘుచిత్రాలకు ఆస్కార్ ఇవ్వడం 1932లోనే మొదలైంది, ఆ మొదటిది ఈ సినిమాకే దక్కింది.

పైమెట్టు చేరేసరికి నా లెక్కలో 131 వచ్చాయి. రెండు ఎక్కడ పోయాయో తెలియదు. ఎదురుగా డెస్కాన్సో డ్రైవ్, చెట్టు నీడలో మా కారు, అందులో చల్లగా కూర్చున్న మా ఆవిడ. "ఏమండీ, ఇక్కడిదాకా రోడ్డుంది, చూశారా?" అంది. సినిమాలో పోస్ట్‌మ్యాన్ అచ్చం ఈ మాటే చెబుతాడు. అంతా మోసుకొచ్చాక, పక్కనుంచి బండి మీదే తేవచ్చు కదా అంటాడు. అప్పుడు ఆ మహానుభావులిద్దరూ ఏం చేస్తారు? పెట్టెను మళ్లీ కిందికి దించి, బండికెక్కించి, రోడ్డు మీదుగా తెస్తారు.

ఈ కథ మా ఆవిడకు చెప్పి, మంచినీళ్ల కోసం భుజం తడుముకున్నాను. సంచి లేదు. ఫలకం పక్కనే వదిలేశాను. పాస్‌పోర్టులు అందులోనే ఉన్నాయి.

"కారులో వెళ్దాం రండి" అని అల్లుడు అంటూనే ఉన్నాడు. అప్పటికే నేను సగం మెట్లు దిగిపోయాను. సంచి పెట్టినచోటే ఉంది. దిగేటప్పుడు లెక్క సరిగ్గా 133 తేలింది. ఆ మాట చెబుదామని తలెత్తేలోపే పైనుంచి మా ఆవిడ కేకేసింది. "మళ్లీ ఎక్కకండి, అక్కడే ఉండండి! కారే కిందికొస్తుంది!"